నాన్న కొట్టని గంట

దర్శి దగ్గర మా పల్లెలో ఎవరు చనిపోయినా చర్చి గంట కొట్టేది నాన్నే. ఆయన సంఘ పెద్ద. పురుగుమందు తాగి పోయినవాళ్ళకు మాత్రం కొట్టేవాడు కాదు, ఆత్మహత్య పాపమనేవాడు. ఎనభైల్లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టిన ఏడు మా అన్నయ్య ఆ మందే తాగాడు.

"ఒక్కసారి కొట్టయ్యా, నీ కొడుకేగా!" అంటూ అమ్మ కాళ్ళు పట్టుకుంది. నాన్న ప్రార్థన చేశాడు, గుంటలో మట్టి వేశాడు, గంట తాడు మాత్రం ముట్టుకోలేదు. కొట్టొద్దని ఏ దేవుడు చెప్పాడో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మనవళ్ళకు బైబిలు చదివి వినిపించాడు. అన్నయ్య పేరెత్తలేదు. మంచం పట్టాక ఒకసారి నాతో అన్నాడు: "వాడికి కొట్టలేదుగా, నాకూ కొట్టొద్దురా."

ఆయన పోయిన రోజు గంట కొట్టాను. ఊరంతా నాన్నకే అనుకుంది.

నేను కొట్టింది అన్నయ్యకి.