భూదేవి సూదుల డబ్బా

ముంబై కామాటిపురాలోని ఒక చాల్‌కు, అంటే వరుస గదుల పాత అద్దె భవనానికి, మరమ్మతులకు వచ్చిన గుత్తేదారు మనుషులు, భూదేవి ఇంట్లో లేని సమయంలో, ఆమె సూదుల డబ్బాను రాళ్ళూరప్పలతో కలిపి లారీకెత్తారు. ముందుగా చెప్పలేదు. అనుమతి అడగలేదు. నిలదీస్తే, "తుప్పు డబ్బా" అన్నారు.

అందులోవి, చేత్తో తిప్పే ఆమె పాత కుట్టుమిషను సూదులు. పొడవైనవి, మొదలు గుండ్రనివి. ఇప్పటి సూదుల మొదలు ఒకవైపు చదును. అవి దానికి పట్టవు. మోకాళ్ళ నొప్పివల్ల ఆమె తొక్కుడు మిషను వాడలేకపోతోంది.

ఆ చాల్‌లో బిడ్డ పుడితే గదుల ముందున్న ఉమ్మడి గ్యాలరీలోని ఆడవాళ్ళు తలా ఒక పాత చీర ఇస్తారు. భూదేవి వాటితో బొంత కుడుతుంది. ఆ బొంత మీదనే బిడ్డను తొట్టెలలో వేస్తారు. ఆదివారం అదే చాల్‌లోని దర్శన కూతురి తొట్టెల. మిషనులో మిగిలిన ఒక్క సూదీ సగం బొంత దగ్గర విరిగింది.

విరిగిన ముక్క చూపిస్తూ భూదేవి చోర్‌బజార్‌లో దుకాణం దుకాణం తిరిగింది. ధారావిలో తోలు కుట్టేవాళ్ళను అడిగింది. "మ్యూజియంల అడుగు మౌసీ" అన్నాడొకడు. ఉత్తచేతులతో వచ్చి గ్యాలరీలో కూలబడింది.

పక్కింటి రత్నాబాయి నవ్వింది. "బజార్లన్ని తిరిగినవ్ గాని, నా పెట్టె అడిగినవా అక్కా? మా బంటీ తొట్టెలకు ఏం గట్టినవ్?"

భూదేవి నెత్తి కొట్టుకుంది. దిష్టి తగలకుండా ప్రతి తొట్టెల తాడుకూ, నూనెగుడ్డలో చుట్టిన కొత్త సూదిని కడుతూ వచ్చింది ఆమే. కట్టాక అది బిడ్డది. మిషనుదని ఎన్నడూ తలవలేదు. ఏదీ పారేయని రత్నాబాయి తప్ప ఆ పొట్లాన్ని ఎవరూ దాచుకోనూ లేదు.

"వద్దు రత్నా, పిలగాని దిష్టి సూది."

"పిలగాడా! గడ్డమొచ్చింది. వాని మొకం జూస్తె దిష్టికే దిష్టి తగుల్తది. తీస్కో, బిందాస్!"

తనకన్నీ వినబడుతున్నాయని లోపలినుంచి రత్నాబాయి కొడుకు బంటీ మరాఠీలో అరిచాడు.

సూదికి తుప్పు పట్టలేదు. భూదేవి దాని గాడిని గోటితో తడిమి చూసి బిగించింది, పిడి తిప్పింది. ఆదివారం ఆ బొంత మీద పసిది ముడుచుకుని నిద్రపోయింది. అప్పుడు భూదేవి మిషను సూదిని విప్పి, నూనెగుడ్డలో చుట్టి, తొట్టెల తాడుకు కట్టింది.

"మరి మిషనెట్ల నడుస్తది పెద్దమ్మా?" అంది దర్శన.

"పిల్ల సల్లగుంటె సాలు తియ్" అని, భూదేవి పాయసం రెండోసారి వేయించుకుంది.

గుత్తేదారుగారూ, ఆయన్ని నియమించిన భవన యజమానిగారూ, ఆమె సంతృప్తి మీ బాధ్యతను రద్దు చేయదు. పరిహారం సొమ్ముగా ఇస్తామనకండి. సొమ్ముతో బొంత కుట్టలేరు. ఆమె తిరిగిన వీధులే మీరూ తిరగండి. పై అంతస్తులో శిరీషకు ఏడో నెల. ఆ తొట్టెల కట్టేలోగా, పొడవైన, మొదలు గుండ్రనైన సూదులను వెతికి తెచ్చి భూదేవి చేతిలో పెట్టండి.