పక్క కుర్చీలో ఆవిడ

నెవాడా ఎడారిలో ఒక కొండమీద చిన్న స్కీ ఏరియా ఉంది. అక్కడ కొండెక్కడానికి తీగకు వేలాడుతూ వెళ్లే, ఇద్దరేసి కూర్చునే పాతకాలపు కుర్చీల లిఫ్ట్ ఒక్కటే. దాంట్లో నా పక్కన అరవై ఏళ్ల ఆవిడ కూర్చున్నారు. పైన దిగి కిందికి చూశాను. నిటారుగా మంచు, దాని కింద ఎర్రటి నేల. "అమ్మో" అన్నాను.

"ఫస్ట్ టైమా అమ్మా?" ఆవిడ తెలుగులో అడిగారు.

"అవును ఆంటీ. నావల్ల కాదు. లిఫ్ట్‌లోనే దిగిపోతాను."

"అయితే నేనూ వస్తా."

"మీరు స్కీ చేస్తూ వెళ్లండి ఆంటీ, పర్లేదు."

"ఒక్కదానివే దిగితే భయపడ్డావనుకుంటారు. ఇద్దరం దిగితే కబుర్లు చెప్పుకుంటున్నాం అనుకుంటారు."

ఇద్దరం కిందికి వెళ్లే కుర్చీలో కూర్చున్నాం. ఎదురుగా పైకి వస్తున్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నేను తల దించుకున్నాను. ఆవిడ ఒక్కొక్కరికీ చెయ్యి ఊపారు. సగం దూరం వచ్చాక నేనూ ఊపాను.

కింద కాఫీ తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ మళ్లీ పైకెళ్లి, అదే వాలు మీద ఎక్కడా ఆగకుండా, హాయిగా మలుపులు తిరుగుతూ దిగివచ్చారు. అంత బాగా దిగినవాళ్లు ఆ రోజు ఇంకెవరూ కనబడలేదు.

ఆవిడ పేరు అడగలేదు. మరుసటి చలికాలం మళ్లీ వెళ్లి ఆ వాలు దిగాను. నాలుగుసార్లు పడ్డాను.