రాతిపొడి అనుకున్న తెలుపు: ఆళ్లగడ్డ నుంచి నంద్యాల డాక్టరమ్మ దాకా

ఆళ్లగడ్డలో మాది రాతి శిల్పాల పని. విగ్రహం నేను చెక్కుతాను, నీళ్లు పోస్తూ నునుపు పట్టేది నా భార్య సుబ్బమ్మ. ఈమధ్య వేళ్లు ఉబ్బి, ఆయాసం వచ్చి, రోజూ పని సగంలో వదిలేస్తోంది. ఒక డాక్టరు కీళ్లవాతమన్నాడు, ఇంకొకాయన లూపస్ అన్నాడు, మూడో ఆయన చర్మం బిగుసుకుపోయే జబ్బన్నాడు. పరీక్షల పేరుతో ముగ్గురూ నన్ను ఆడిస్తున్నారని నాకు గట్టి అనుమానం. అదేదో తేల్చుకుందామనే నంద్యాలలో ఇలాంటి జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరాం.

ఉదయం ఏడున్నర బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం కాబట్టి సుబ్బమ్మకు టికెట్ డబ్బుల్లేవు. శిరివెళ్ల మీదుగా గంటా పావులో దిగాం. బస్టాండు బయట ఆటో ఆయనకు ఆస్పత్రి పేరు చెప్పాను.

"ఆడ మధ్యాన్నం దాకా కూచోవల్లన్నా. ఇంకోటుండాది, బేగా తోల్కపోతా" అన్నాడు.

"కమీషనెంతప్పా నీకు?" అన్నాను. అతను మేం చెప్పిన ఆస్పత్రి దగ్గరే దింపాడు. తీరా మా వంతు వచ్చేసరికి రెండయింది.

డాక్టరమ్మ మొన్నటి రక్తపరీక్షతో సహా కాగితాలన్నీ చదివి, "చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోమ్మా" అంది. మమ్మల్ని మురికివాళ్లంటోందని నాకు ఒళ్లు మండింది. కడిగిన కాసేపటికి సుబ్బమ్మ వేళ్లు కొసల నుంచి పాలిపోయి, తర్వాత నీలంగా మారాయి. మా పనిలో అందరి చేతులూ పొడితో తెల్లగానే ఉంటాయి. కింద చర్మం రంగు ఎవరు చూస్తారు?

"ముగ్గురు మూడు పేర్లు చెప్పిరి. మీరేందంటారు మేడం?" అన్నాను.

"ముగ్గురూ చూసింది నిజమే. ఆ లక్షణాలన్నీ కలిసి వచ్చే జబ్బిది, మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్. ఒంటిని కాపాడాల్సిన బలగమే సొంత కీళ్లను, కండరాలను పరాయివనుకుని దెబ్బతీస్తుంది. పూర్తిగా పోదు కానీ మందులతో అదుపులో పెట్టొచ్చు. ఊపిరితిత్తులు, గుండె మాత్రం ఇప్పుడే చూడాలి." సుబ్బమ్మ వైపు తిరిగింది. "ఎన్నాళ్ల నుంచి వేళ్లిలా?"

"మూడేండ్లాయ. ఈయప్పకు చెప్తి. రాతిపొడి, కడుక్కో అన్న్యాడు. మళ్లా చెప్తే, పని తప్పించుకునేకి సాకులన్న్యాడు."

నేను తలెత్తలేకపోయాను. ఆయాసం కూడా దొంగ ఆయాసమే అనుకున్నాను మరి.

గుండె స్కానింగు, ఊపిరి పరీక్ష ముగించుకుని, రిపోర్టులు సోమవారం ఇస్తామంటే సాయంత్రం బస్సెక్కాం. డాక్టర్లనూ ఆటో ఆయననూ అనుమానించినందుకు పెద్ద బాధ లేదు. నా పక్కనే కూర్చుని పని చేసిన మనిషిని మూడేళ్లు నమ్మలేదు. ఆ మూడేళ్లు ఆమె ఊపిరితిత్తులను ఏం చేశాయో సోమవారం తెలుస్తుంది. సిగ్గుగా ఉంది, అంతకంటే భయంగా ఉంది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పాత రిపోర్టులతో పాటు, వేళ్లు రంగు మారినప్పుడు తీసిన ఫోన్ ఫొటోలు పట్టుకెళ్లండి. డాక్టరు గదిలో జబ్బు మనిషినే మాట్లాడనివ్వండి, తోడు వెళ్లినవాళ్లు నోరు మూసుకుని వినండి.