కల్లుకుండ చెమర్చిన గీత

మా అత్తగారి ఊరు నారాయణరావుపేట పక్కనే. తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇల్లు. నేను కాపురానికి వచ్చేనాటికి పదిహేనేళ్ళు దాటలేదు, ఇంకా నిజాం రాజ్యమే నడుస్తోంది. పుట్టింట్లోనూ అదే పని కాబట్టి కల్లు గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఆ వయసులో పొగరు ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

అయితే మా పుట్టింట్లో ఉన్నవి కల్లు పట్టే చిన్న చిన్న లొట్లు. ఇక్కడ నా నడుము ఎత్తు మట్టికుండ. అందులో కల్లు ఎంత మిగిలిందో మూత తీసి చూస్తే తెలియదు, పైనంతా నురగే. అత్తమ్మ బయటి నుంచే చూసేది. మట్టికుండ చెమరుస్తుంది కదా, కల్లు ఉన్నంత ఎత్తుకు బయట తడిగా ఉంటుంది, ఆపైన పొడిగా ఉంటుంది. ఆ రెండింటి నడుమ సన్నని గీత. నేను వచ్చిన నెలకే గీత చూసే పని నాకు అప్పగించింది. ఇంటి తాళంచెవులు ఇచ్చినంత సంబరపడ్డాను.

ఆ ఎండాకాలం మా ఆడబిడ్డకు మిరుదొడ్డి దిక్కు నుంచి సంబంధం వచ్చింది. మాట ఖాయం చేసుకునే రోజు పిల్ల ఇంటివాళ్ళు గీసిన కల్లునే, ఒకే కుండలోంచి, రెండు దిక్కులవాళ్ళూ తాగాలి. మొదట మగపెళ్ళివారి పెద్దలు, ఆ తర్వాత పిల్లగాని అమ్మానాన్న, చివరికి పిల్ల అమ్మానాన్న. ఆ చివరి గుటక పడితేనే మాట పడ్డట్టు, సంబంధం ఖాయమైనట్టు. నడుమ కల్లు తక్కువైతే అపశకునం. పొరుగింటి కల్లు తెచ్చి కలిపితే అంతకన్నా అపశకునం. గుటకెడు కల్లు తక్కువై తప్పిపోయిన సంబంధాల గురించి ఊళ్ళో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు.

పొద్దున మామ దించిన కల్లంతా ఆ కుండలో పోసి పందిరి కింద పెట్టారు. ఎండ మండిపోతోంది. కల్లు పులిసిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. మా అవ్వ లొట్లకు తడిగుడ్డ చుట్టేది. నేనూ పాతచీర తడిపి కుండకు అడుగు నుంచి నడిమి దాకా చుట్టాను. ఎవరూ చెప్పకుండా చేసిన పని, పైగా తెలివైన పని అని మురిసిపోయాను.

మగపెళ్ళివారి బండి ఎంతకీ రాలేదు. మా పాలివాళ్ళు, దాయాదులంతా ముందే వచ్చి కూర్చున్నారు. వచ్చినవాళ్ళను ఎండలో ఊరికే కూర్చోబెడతామా? ముంత ముంచుకుని తాగుతున్నారు. కాసేపయ్యాక అత్తమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఎంతున్నది బిడ్డా?"

గుడ్డ కొంచెం కిందికి లాగి చూశాను. "సగం ఉన్నదత్తా."

"అయితే తాగనియ్యి."

ఇంకాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ చూశాను, మళ్ళీ సగమే. మూడోసారీ సగమే. అంతమంది తాగుతుంటే కల్లు తగ్గకపోవడం ఏంటని నాకు అనుమానం రావాలి. రాలేదు. మామ చేతి చలవ, ఎంత తాగినా కల్లు తరగదు అనుకున్నాను. నేను చూస్తున్నది కుండ చెమర్చిన గీత కాదు, నేను చుట్టిన తడిగుడ్డ గీత. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అది తెలిసిన గడియలో నాకు చెమటలు పట్టాయి.

అది తెలిసింది బండి వచ్చాక. కాళ్ళు కడుక్కుని అందరూ వరుసగా కూర్చున్నారు. తాటాకు మడిచి చేసిన దొప్పను మేం రేక అంటాం, తలా ఒక రేక చేతికిచ్చారు. పోసేది కోడలినైన నేనే. పెద్దలు ఐదుగురికి పోశాను. ఆరోసారి ముంచినప్పుడు ముంత అడుగుకు తగిలి గీరుకుంది. మిగిలిన మడ్డినంతా ముంచి, ఎట్లాగో పిల్లగాని అమ్మానాన్నలకు సర్దాను. కుండ అయిపోయింది.

ఇక అత్తమ్మ, మామ. పది మంది కళ్ళు మా మీదే ఉన్నాయి. ఏం చేయాలో తోచక, ఖాళీ ముంత పట్టుకుని అత్తమ్మ ముందు వంగాను. ఆమె ముంతలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది. రేకను ముంత కిందికి పట్టి, "సాలు బిడ్డా, పొర్లుతది" అంది.

మామకూ అట్లాగే వంచాను. ఆయన ఒకసారి అత్తమ్మ దిక్కు చూసి, రేక ఎత్తి, గొంతు కదిలిస్తూ తాగాడు. చివర త్రేన్చాడు కూడా. అత్తమ్మ పైటకొంగుతో మూతి తుడుచుకుని, "ఎండకు జర పులిసింది, ఏమనుకోకున్రి" అంది. ఏం పులవలేదని వియ్యంకుడు తల ఊపాడు. మాట పడింది.

బండి కదిలి ఊరు దాటేదాకా ముఖం మీద నవ్వు చెరగనీయలేదు. ఆ తర్వాత పెరట్లోకి పోయి ఏడుస్తూ కూర్చున్నాను. అత్తమ్మ చేతిలో ఆ తడిచీర పట్టుకుని వచ్చింది. తిడుతుంది, కొట్టినా కొడుతుంది అనుకుని ఆమె కాళ్ళు పట్టుకున్నాను.

"నీ బిడ్డ సంబంధం నా చేతుల చెడిపోతుండె అత్తా. నువ్వు కాబట్టి నిలబెట్టినవు."

ఆమె నా పక్కన కూలబడింది. చేతిలోని చీరను పిండింది.

"గా సంబంధం పోతే ఇంకోటి వస్తుండె" అంది. "గాళ్ళు గాక మా బిడ్డకు పిల్లగాండ్లే లేరా? నేను గా సంబంధం సూడలే. నీ చేతుల కుండ అయిపోయిందని నలుగురి నోట్ల పడితే, సచ్చేదాకా అందరూ నిన్ను గట్లనే పిలుస్తరు. నువ్వు ఈ ఇంట్ల బతకాల్నా, వద్దా?"

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మా ఆడబిడ్డ ఇప్పటికీ తన సంబంధం ఖాయమైన కల్లు ఎంత బాగుండెనో వాళ్ళ అమ్మ చెప్పిందని నాకు చెబుతుంది. నేను ఊ కొడతాను.