కబురందని కాళ్ళు

రాజమండ్రిలో నా ఫిజియోథెరపీ క్లినిక్ కిటికీ కిందే ఒక సైకిళ్ళ షాపు ఉంది. రిపేరు అయిపోయిన సైకిలుకి స్టాండు వేసి, షాపతను పెడలు ఒక్కసారి గట్టిగా తిప్పి వదిలేస్తాడు. వెనక చక్రం టకటకమంటూ తిరుగుతుంది. నెమ్మదిస్తున్నకొద్దీ ఆ చప్పుళ్ళు విడివడి, చివరికి ఒక్కొక్కటిగా వినిపించి ఆగిపోతాయి. పేషెంట్ల మధ్య కాస్త ఖాళీ దొరికితే నేను ఆ చప్పుడు వింటూ కూర్చుంటాను. అప్పుడు నాకు దేవదానం మాస్టారు గుర్తొస్తారు.

మాది కడియం దగ్గర ఊరు. నాన్న నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టే పని చేసేవారు. మాస్టారు మా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. పొడవాటి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాతో, కాలవగట్టు మీద ఆకుపచ్చ సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. నాడీ వ్యవస్థ పాఠం మొదలుపెట్టిన రోజున పుస్తకాలు తీయనివ్వలేదు. అందరినీ వరండాలోకి తీసుకెళ్ళి ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడ్డాం. ఇప్పుడు కళ్ళు మూసుకోమన్నారు. మూసుకోగానే అందరం ఊగిపోయి, ఒకరి మీద ఒకరం పడి ఒకటే నవ్వులు. ఆ నవ్వులు తగ్గేదాకా ఆగి అప్పుడు చెప్పారు.

"నిలబడటమంటే కదలకుండా ఉండటం అనుకున్నారా? కాదు. పడబోవడం, సర్దుకోవడం, మళ్ళీ పడబోవడం. ఆ సర్దుకోవడం మీకు తెలియకుండానే జరిగిపోతోంది."

కళ్ళు ఒక కబురు పంపుతాయట. చెవి లోపల ఉండే ద్రవం తల ఎటు వాలిందో చెబుతుందట. అరికాళ్ళు, కీళ్ళు తమ సంగతి తాము చెబుతాయట. అవన్నీ తలలో వెనకవైపున్న అనుమస్తిష్కం దగ్గర కలుస్తాయట. కళ్ళు మూసుకుంటే ఒక కబురు తగ్గింది కాబట్టే మేం ఊగిపోయామన్నారు. ఎండలో చెమట పట్టించేదీ, పరిగెత్తినప్పుడు గుండెను తొందరపెట్టేదీ, తిరిగి నెమ్మదింపజేసేదీ కూడా నాడులేననీ, మనం నిద్రపోతున్నా అవి పనిలోనే ఉంటాయనీ చెప్పారు. ఆ రాత్రి పడుకుని చాలాసేపు నా ఊపిరిని నేనే వింటూ ఉండిపోయాను. నా లోపల నాకోసం ఎవరో మేలుకుని ఉన్నారన్న ధైర్యం ఏదో కలిగింది.

సైకిలు తొక్కడం నేర్పిందీ ఆయనే. ఆడపిల్లలు నడిచి నడిచి అలిసిపోయి వచ్చి క్లాసులో కునికిపాట్లు పడుతున్నారని, సెలవురోజుల్లో తన సైకిలే గ్రౌండులోకి తెచ్చి ఒక్కొక్కరినీ ఎక్కించేవారు. సీటు పట్టుకుని వెనకే పరిగెత్తేవారు. నేను పడితే లేపేవారు కాదు. పక్కనే నిలబడి, నా అంతట నేను లేచేదాకా చూసేవారు. లేచాక మాత్రం మోకాలికి అంటిన దుమ్ము తన రుమాలుతో దులిపేవారు.

ఇంటర్ చదవడానికి నేను రాజమండ్రి హాస్టలుకి వచ్చేశాను. డాక్టరు సీటు రాలేదు. ఏం చేయాలో తోచక ఏడుస్తుంటే ఫిజియోథెరపీ కోర్సులో చేరమని నాన్నకు నచ్చజెప్పింది మాస్టారే. ఆ సంగతి మాట్లాడటానికి మా ఇంటికి వచ్చిన రోజునే ఆయన నడకలో తేడా గమనించాను. ఒక చెయ్యి ఊగుతోంది, రెండోది ఒంటికి అతుక్కుపోయినట్టుంది. కాఫీ గ్లాసు అందుకున్న వేళ్ళు వణికాయి. ఆయనకప్పటికే అనుమానం ఉంది. బోర్డు మీద తన అక్షరాలు రానురాను చిన్నవైపోతున్నాయని, వెనక బెంచీల పిల్లలు కనపడటం లేదంటున్నారని నవ్వుతూ చెప్పారు. తర్వాత కాకినాడలో డాక్టరు పరీక్ష చేసి పార్కిన్సన్స్ జబ్బు అన్నారు. మెదడు లోపల డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వస్తుందది. మందులు లక్షణాలను తగ్గిస్తాయి కాని జబ్బును నయం చేయలేవు.

రిటైరైన కొన్నాళ్ళకి ఆయన కాళ్ళు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. నేను మొదటిసారి చూసింది మా క్లాస్‌మేట్ పెళ్ళిలో, చర్చి గుమ్మం దగ్గర. మెట్లన్నీ బాగానే ఎక్కారు. గుమ్మం రాగానే రెండు పాదాలూ నేలకు మేకులు కొట్టినట్టు నిలిచిపోయాయి. ఒళ్ళు ముందుకు వంగుతోంది గాని అడుగు పడటం లేదు. వెనక జనం ఆగిపోయారు. కాలెయ్యండి మాస్టారూ, పదండి మాస్టారూ అని తలోవైపు నుంచీ మొదలుపెట్టారు. వాళ్ళు తొందరపెట్టేకొద్దీ ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి ఎత్తి లోపల కూర్చోబెట్టారు. ఆయన భార్య సుగుణమ్మగారు తల ఎత్తకుండా వెనకే వచ్చారు. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. పాట మొదలయ్యాక, నాకు మాత్రమే వినబడేలా అన్నారు.

"అందరూ నా కాళ్ళని కేకలేస్తున్నారమ్మా మణీ. కాళ్ళు బాగానే ఉన్నాయి. వాటికి కబురు అందట్లేదంతే."

ఆ తర్వాత ఆయన చర్చికి వెళ్ళడం మానేశారు. వీధిలోకి కూడా రావడం లేదని నాన్న చెప్పారు. వేసవి సెలవుల్లో చూడటానికి వెళితే, పెరట్లో సైకిలు గాలి లేకుండా గోడకు ఆనించి ఉంది. ఇక అమ్మేద్దామనుకుంటున్నాం అన్నారు సుగుణమ్మగారు. ఆవిడ వంటగదిలోకి వెళ్ళగానే మాస్టారు నన్ను దగ్గరికి పిలిచి, దానికి గాలి కొట్టించుకు రమ్మన్నారు. ఎందుకండీ అన్నాను. మంచం మీద పడుకున్నప్పుడు తన కాళ్ళు వాటంతటవే పెడళ్ళు తొక్కుతున్నట్టు ఆడుతున్నాయనీ, ఒకసారి ఎక్కి చూడాలనీ చెప్పారు. నాకు భయం వేసింది. నడవలేని మనిషి సైకిలు ఎలా తొక్కుతారు? అప్పటికే సగం చదువు చదివిన నాకు, ఈ వయసులో పడితే తుంటి ఎముక ఏమవుతుందో బాగా తెలుసు. సుగుణమ్మగారికి తెలిసిపోయి చాలా కోప్పడ్డారు. ఆయన మాత్రం, "పడితే పడతాను సుగుణా. కూర్చుని కూర్చుని కూడా పడిపోతూనే ఉన్నాను కదా" అన్నారు. కాసేపయ్యాక ఆవిడే చీర కుచ్చిళ్ళు దోపుకుని, గాలి కొట్టించుకొద్దాం పదమ్మా అన్నారు.

మర్నాడు పొద్దుటి చల్లదనంలో ఆయన్ని రిక్షాలో స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళాం. సెలవులు కావడంతో ఎవరూ లేరు. సైకిలు ఒక పక్కకు వంచి, ఆయన కాలు నేనే ఎత్తి అవతలికి వేసి కూర్చోబెట్టాను. నేను సీటు పట్టుకున్నాను, ఆవిడ హ్యాండిలు పట్టుకున్నారు. పాదాలు రెండూ పెడళ్ళ మీద పెట్టి నెమ్మదిగా తోశాం. ఒక పెడలు కిందికి దిగగానే రెండోది పైకి వచ్చి రెండో పాదాన్ని లేపింది. అది దిగగానే ఇది లేచింది. చూస్తుండగానే సైకిలు మా చేతుల్లోంచి జారి ముందుకు వెళ్ళిపోయింది. నడుం నిటారుగా నిలిచింది. మలుపు దగ్గర ఒళ్ళు సరిగ్గా ఎంత వాలాలో అంతే వాలింది. చర్చి గుమ్మం దాటలేని మనిషి గ్రౌండంతా చుట్టి వస్తుంటే సుగుణమ్మగారు మట్టిలోనే చతికిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆపడం మాత్రం ఆయన వల్ల కాలేదు. కాలు కిందికి రాక పక్కకు ఒరిగిపోతుంటే పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాను. నా భుజం మీద తల ఆనించి ఆయన ఆయాసపడుతూ నవ్వారు.

భయం భయంగానే డాక్టరుగారికి చెప్పాం. ఆయన కోప్పడలేదు. సైకిలు సంగతి తానెప్పుడూ చూడలేదనీ, కాని నేల మీద అడ్డగీతలు గీస్తే ఇలాంటివాళ్ళు వాటిని దాటుకుంటూ నడవగలగడం తమకు తెలిసిందేననీ చెప్పారు. అడుగు వెయ్యమని లోపల పుట్టాల్సిన ఆజ్ఞ బలహీనపడింది. కంటికి కనిపించే గీతో, కాలిని లేపే పెడలో బయటి నుంచి సైగ చేస్తే, మెదడు ఇంకో దారి వెతుక్కుంటుందన్నారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి ఉండాలనీ, రోడ్డు మీదికి మాత్రం వెళ్ళొద్దనీ గట్టిగా చెప్పారు. ఇంటికొచ్చే దారిపొడుగునా మాస్టారు ఆ ఇంకో దారి మాటే తలుచుకున్నారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గాని ఇంకో దారి ఉందని నాకే తెలియదమ్మా అన్నారు.

అప్పటినుంచి సుగుణమ్మగారి చేతిసంచిలో ఒక చాక్‌పీసు చేరింది. ఇంట్లో ప్రతి గుమ్మం ముందూ తెల్లగీతలు గీశారు. ఒక ఆదివారం ఆయన్ని తిరిగి చర్చికి తీసుకెళ్ళారని, నేను ఊరు వచ్చినప్పుడు ఆవిడే చెప్పారు. గుమ్మం రాగానే అందరూ చూస్తుండగా వంగి, అడ్డంగా ఒక గీత గీసి, పక్కకు తప్పుకుని చెయ్యి చాచారట. ఆయన ఆ గీత దాటి లోపలికి నడిచారట. ఎవరూ ఏమీ అడగలేదట. పై ఆదివారానికి ఆవిడ కంటే ముందే ఎవరో ఆ గీత గీసి ఉంచారట.

జబ్బు అక్కడ ఆగలేదు. రెండు మూడు వేసవులు గడిచేసరికి సైకిలు ఎక్కడం కుదరలేదు. ఆ తర్వాత గీతలు కూడా పనిచేయడం మానేశాయి. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆయన గొంతు గుసగుసలా మిగిలింది. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది. నా పేషెంట్లలో ఆయనలాంటి వాళ్ళు ఉంటారనీ, కాళ్ళు ఆగిపోయినప్పుడు నేనేం చేస్తే వాళ్ళకు మంచిదో చెప్పమనీ అడిగాను.

"ఏమీ చెయ్యొద్దమ్మా. పక్కన నించో. నీకు తొందరేమీ లేనట్టు నించో."

మరుసటి వానాకాలంలో నిమ్ము చేసి ఆయన వెళ్ళిపోయారు.

కిందటి వారం ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు గాని అడుగు పడలేదు. కొడుకు అటునుంచీ కోడలు ఇటునుంచీ నడవమ్మా, నడవండత్తయ్యా అంటూ ఉన్నారు. వాళ్ళిద్దరినీ కాసేపు బయట కూర్చోమన్నాను. తలుపు దగ్గరగా వేసి వచ్చి ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ పక్కన ఆసరాగా నిలబడ్డాను. ఏమీ అనలేదు. ఆవిడ ఊపిరి నిమ్మళించింది. అడుగు వేయాలంటే ముందు ఒంటి బరువు రెండో కాలి మీదికి మారాలి. అంతదాకా నా చేతిలో సమంగా ఉన్న ఆవిడ బరువు, కొంచెం కొంచెంగా నా వైపు ఒరిగింది. అవతలి కాలు లేవబోతోందని నాకు తెలిసింది.