మేనత్త తెల్లచీర

"బండిలో ఉన్నదల్లా పన్జెయ్యాల" అనేది మా మేనత్త. చలికాలంలో ఆవిడ పాత స్పోర్ట్స్ కారులో హీటర్ వేస్తే వెచ్చటి గాలితోపాటు నల్లటి పొడి మీద పడేది. లోపల గాలిని మళ్ళించే రేకులకు అంటించిన ఫోమ్ చివికిపోయి రాలుతోంది.

"హీటర్ బంద్ చేసేద్దాం దీదీ," అన్నాడు పవర్ హౌస్ బజారులోని హిందీ మెకానిక్.

అత్త ఒప్పుకోలేదు. డాష్‌బోర్డు తనే విప్పి, పాత ఫోమ్ గీకేసి, కొత్తది కొలతకు కత్తిరించి అంటించింది. హీటర్ ఇంకా వేసి చూడలేదు. ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ముందు పాత చీరతో చూడొచ్చు కదత్తా?" అన్నాను పక్కన కూర్చుంటూ.

"అనుమానముంటే అదే కట్టుకుందును."

హీటర్ నాబ్ పూర్తిగా తిప్పింది. నేను ఆవిడ ఒళ్ళోకే చూస్తున్నాను. అత్త మాత్రం రోడ్డు చూసుకుంటూ బండి కదిలించింది.