నేను కొట్టేసిన పేరు

నేను లెక్కల మేష్టారిని. కూడికల కంటే తీసివేతలే నాకు బాగా వచ్చు. అందుకేనేమో, ఓటర్ల జాబితా సరిచూసే పని నాకు అప్పగించారు. అనకాపల్లికి దగ్గర్లోని మా ఊళ్లో, బడి వదిలాక ఇంటింటికీ తిరిగి ఎవరున్నారో, ఎవరు లేరో రాసుకునేవాణ్ణి.

ఒక ఇంటి దగ్గర మాత్రం పిలవడానికి తటపటాయించాను. ఆ ఇంటి కొడుకు చెరకు తోటకి నీళ్ల వంతు దగ్గర గొడవపడి, కర్రతో కొట్టి ఒకడి తల పగలగొట్టాడు. ఐదేళ్ల శిక్ష పడింది. ఊరంతటికీ తెలుసు. తల్లి గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"మీ అబ్బాయి..." అన్నాను.

"ఊర్లో లేడు బాబూ," అని కిందకి చూసింది.

ఆమె నోట జైలు అన్న మాట వినడం నాకిష్టం లేకపోయింది. "వేరే చోటికి మారిపోయాడని రాసుకుంటానమ్మా" అన్నాను. ఆమె ముఖం తేటపడింది. మర్యాదగా ప్రవర్తించానని నాకు నేనే మార్కులు వేసుకుని ఇంటికి వెళ్లాను. ఆ రాతతోనే అతని పేరు జాబితాలోంచి పోయింది.

జైల్లో ఉన్నన్నాళ్లూ ఓటు వేయకూడదు, నిజమే. అంతమాత్రాన పేరు కొట్టేయమని ఎక్కడా లేదు. బయటికొచ్చినవాడు అందరిలాగే ఓటరు. ఈ పనికని మాకిచ్చిన శిక్షణలో ఆ సంగతి చెప్పే ఉంటారు. వెనక బెంచీ మీద నేను కునుకుతున్న సమయంలో చెప్పి ఉంటారు.

మొన్నటి ఎన్నికల్లో పోలింగు రోజున, బూత్ గేటు దగ్గర ఓటరు చీటీలిచ్చే బల్ల ముందు నేనే కూర్చున్నాను. శిక్ష పూర్తయి ఊరికి తిరిగొచ్చిన ఆ ఇంటి కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నా బల్ల వైపు రాకుండా, కార్డు పట్టుకుని నేరుగా వరసలో నిలబడ్డాడు. గంటన్నర తర్వాత బయటికొచ్చాడు. వేలు మీద సిరా లేదు.

"జైలుకెల్లొచ్చినోడికి ఉండదంట కదా మేస్టారూ. తెల్దు నాకు. ఊరికే నిలబడ్డాను," అన్నాడు.

వరసలో ఎవరో, "ఇంకా ఓటొకటా నీకు, మావా?" అన్నారు. నలుగురు నవ్వారు. అతనూ నవ్వాడు.

ఓటు ఉంటుందని, పోవడానికి కారణం నేనేనని చెప్పడానికి అదే సమయం. "చూద్దాంలే" అన్నాను.

వారం ఆగి, కొత్తగా పేరు చేర్చే ఫారం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తల్లి పీట వేసి, టీ ఇచ్చింది. "ఈ బాబు మంచోడురా. ఆయేల జైలన్న మాట నా నోట రానివ్వలేదు," అంది కొడుకుతో.

టీ గ్లాసు కింద పెట్టాను. ఉన్నదంతా చెప్పేశాను.

అతను నా చేతిలోంచి ఫారం తీసుకున్నాడు. "జడ్జిగారు ఐదేళ్లేసేరు. ఓటు మాట ఆయన ఎత్తనేదు. అయితే అది మీరేసేరా, మేస్టారూ?"

కోపంగా అడగలేదు. లెక్క సరిపోయిందా అని అడిగినట్టు అడిగాడు. నేను తల ఊపాను.

ఒక్కో గడీ తనే నింపుకుని, సంతకం పెట్టాడు. నేను చెయ్యి చాపాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నానే అట్టుకెల్లి ఆపీసులో ఇత్తాను. మీరు రాకండి."